తేదీలు చూసి వండే వంటవాడు

కాయ కోతల రోజుల్లో ముసునూరులో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. గాలిదుమారం లేచి, తోటలో రాలిన కాయ ఏరడానికి అందరూ పరుగెత్తే వేళకే ఇంట్లో ఫ్యాను ఆగుతుంది. నా పాత లాప్‌టాప్‌కు బ్యాటరీ ఎప్పుడో పోయింది. లోపల గడియారాన్ని నడిపించే బిళ్ల సెల్లు కూడా పోయింది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అది 2015 జనవరి 1కి వెళ్లిపోయేది. పోతే పోనీలే అనుకున్నాను. ఆ నిర్లక్ష్యానికి ఒక మధ్యాహ్నమంతా మూల్యం కట్టాను.

ఇంతకీ నేను పెట్టుకున్న పని ఇది. ట్రంకుపెట్టెలో మామిడి సాగు మీద పాత పుస్తకం ఒకటి దొరికింది. నలభై పేజీలు, అంచులు పొడిపొడి. పేజీలకు ఫోటోలు తీసి, కంప్యూటర్ చేత అక్షరాలుగా చదివించాలని ఆశ. అందుకు టెస్సెరాక్ట్ అనే ప్రోగ్రాం ఉంది. దీనికి కిటికీలూ బొత్తాలూ ఉండవు, నల్లటి తెరమీద ఆజ్ఞ టైపు చేయాల్సిందే. 1985 నుంచి 1994 దాకా హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీలో తయారై, తర్వాత ఏళ్ల తరబడి మూలనపడి, 2005లో సోర్స్ కోడ్‌తో సహా లోకానికి విడుదలైంది. 2006 నుంచి గూగుల్ దాన్ని పోషించింది. నా యంత్రంలో 2016 నాటి ఉబుంటు లినక్స్ ఉంది. దానితో వచ్చేది టెస్సెరాక్ట్ 3వ వెర్షన్. అక్షరం అక్షరంగా విడదీసి పోల్చుకునే ఆ పద్ధతికి మన గుణింతాలూ వత్తులూ అంత తేలిగ్గా లొంగవు. 2018లో వచ్చిన 4వ వెర్షన్ పంక్తినంతా ఒక వరసలో చదివే న్యూరల్ నెట్‌వర్క్. అది కావాలని సోర్స్ కోడ్ తెచ్చుకుని ఇంట్లోనే కట్టుకోవడానికి దిగాను.

కట్టడం అంటే, మనిషి రాసిన సోర్స్ ఫైళ్లను కంపైలర్ ఒక్కొక్కటిగా యంత్రభాషలోకి మారుస్తుంది. ఆ ముక్కలన్నీ చివర్న ఒక ప్రోగ్రాంగా అతుకుతాయి. ఇలాంటి ఫైళ్లు వందల్లో ఉంటాయి. ఏది ముందు, ఏది వెనక, దేన్ని మళ్లీ చేయాలి, దేన్ని వదిలేయవచ్చు అని చూసుకునే మేస్త్రీ ఒకడు ఉండాలి కదా. ఆ మేస్త్రీ పేరు మేక్. నా దృష్టిలో టెస్సెరాక్ట్ కథ కంటే వీడి కథే రుచిగలది.

1976లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ దగ్గరికి స్టీవ్ జాన్సన్ తిట్టుకుంటూ వచ్చాడు. యాక్ అనే ప్రసిద్ధ సాధనం రాసింది ఈయనే. అప్పటికే సరిదిద్దిన తప్పు కోసం ఆయన పొద్దుటంతా వెతికాడట. సోర్స్ ఫైల్లో తప్పు దిద్దాడు గానీ ఆ ఫైలును మళ్లీ కంపైల్ చేయడం మరిచాడు. పాత ముక్కే ప్రోగ్రాంలో అతుక్కుని పాత తప్పే చూపిస్తోంది. అంతకు ముందు సాయంత్రమే ఫెల్డ్‌మన్‌కూ ఇదే అవస్థ. ఫైళ్ల మధ్య సంబంధాలన్నీ కనిపెట్టే పెద్ద యంత్రం రాద్దామని మొదట అనుకున్నారు. అది కరిగి కరిగి చిన్నదై, ఆ వారాంతంలోనే మేక్ పుట్టింది.

దాని తెలివంతా ఒకే ఒక్క ప్రశ్నలో ఉంది: చేయాల్సిన వస్తువు కంటే దానికి కావలసిన సరుకు కొత్తదా? కొత్తదైతే మళ్లీ చెయ్, లేకపోతే ముట్టుకోకు. నేను ఈ పనికి కూర్చున్న రోజే మా ఇంట్లో అమ్మ ఆవకాయ కలుపుతోంది. ముక్క కొట్టించి, జీడి తీసి, తుడిచి పెట్టుకున్నాక పట్టించి తెచ్చిన ఆవపిండి చేదొచ్చిందని తేలింది. వేరే ఆవాలు ఎండబెట్టి మళ్లీ పట్టించింది. అంతేగాని ముక్కలు మళ్లీ కొట్టించలేదు, కారం మళ్లీ దంపించలేదు. మేక్‌కు రాసిచ్చే చీటీ, అంటే మేక్‌ఫైల్, కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది:

జాడీ: ముక్కలు ఆవపిండి కారం ఉప్పు పప్పునూనె
        కలిపి ఊరబెట్టు
ఆవపిండి: ఆవాలు
        ఎండబెట్టి పట్టించు

ఎడమ పక్కన కావలసిన వస్తువు, కుడి పక్కన సరుకులు, కింద పని. అమ్మ మాత్రం పిండి నాలిక మీద వేసుకుని చూస్తుంది. మేక్‌కు రుచి తెలియదు, ఫైలు మీద ఉన్న తేదీ, వేళ మాత్రమే తెలుసు.

నా కొంప ముంచింది అదే. టెస్సెరాక్ట్ 4కు బొమ్మలు చదివిపెట్టే లెప్టోనికా అనే లైబ్రరీ 1.74 గానీ ఆపై వెర్షన్ గానీ కావాలి. నా దగ్గర ఉన్నది 1.73. ఆ ఒక్క పాయింటు కోసం దాన్నీ సోర్స్ నుంచి కట్టుకోవాల్సి వచ్చింది. పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన మూట విప్పి, కాన్ఫిగర్ అన్నాను. కంపైలర్ ఉందా, ఫలానా లైబ్రరీ ఉందా అని ఇల్లంతా సోదా చేసి, ఈ ఇంటికి తగ్గ మేక్‌ఫైల్ రాసిపెట్టే స్క్రిప్టు అది. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టంలు ఊరికొక రకంగా తయారయ్యాక ఇలాంటి స్క్రిప్టును పుట్టించడానికి 1991లో డేవిడ్ మెకెంజీ ఆటోకాన్ఫ్ మొదలుపెట్టాడు. నాకు సోదా మొదట్లోనే ఆగింది. ఇప్పుడే పుట్టించిన ఫైలు, మూటలో వచ్చిన ఫైళ్ల కంటే పాతదిగా ఉంది, నీ గడియారం చూసుకో అంది. నేను 2015 జనవరిలో కూర్చుని, ఇంకా పుట్టని కోడ్‌ను కడుతున్నాను మరి! నెట్ లేదు కాబట్టి తేదీ తనంతట తాను సర్దుకోలేదు. గోడ క్యాలెండర్ చూసి సరైన తేదీ టైపు చేశాక గానీ ముందుకు కదల్లేదు.

నాలుగు పనులు ఒకేసారి చేయమని మేక్‌కు చెప్పొచ్చు. చెప్పాను. రెండు జీబీల మెమరీ చాలక యంత్రం బిగుసుకుపోయింది. ఒక్కొక్కటే చేయమంటే నిదానంగా, ఇంట్లో ఆవఘాటు తగ్గేసరికి, లెప్టోనికా, దాని వెనకే టెస్సెరాక్ట్ తయారయ్యాయి. తెలుగు నేర్చిన ఫైలు విడిగా తెచ్చి దాని చోట పెట్టాలి. అదీ అయింది.

ఇక నలభై పేజీలకు నా సొంత మేక్‌ఫైల్ రాసుకున్నాను: ప్రతి పాఠం ఫైలుకూ సరుకు దాని ఫోటో. మేక్ అనగానే, రెండో పంక్తిలో సెపరేటర్ లేదు, ఆపేశాను అంది. చూస్తే అంతా బాగానే ఉంది. నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదివిన పక్కింటి కుర్రాడు అరటిపండు తింటూ వచ్చి తెర వంక ఒక్క చూపు చూశాడు.

“స్పేసులు కొట్టావు బాబాయ్. అక్కడ ట్యాబ్ ఉండాలి.”

రెండూ కంటికి ఖాళీలే. చీటీలో పని ఉన్న పంక్తి ట్యాబ్ మీటతోనే మొదలవ్వాలన్న నియమం ఫెల్డ్‌మన్ పెట్టిందే. చీటీని చదివించడానికి వాడబోయిన లెక్స్ అనే సాధనం అప్పటికి ఆయనకు కొత్త. కష్టపడలేక ట్యాబ్‌తో సులువుగా పని కానిచ్చేశాడు. కొన్ని వారాలకే వాడేవాళ్లు డజను మంది అయ్యారు, ఎక్కువమంది స్నేహితులే. మార్చి వాళ్లను ఇబ్బంది పెట్టడం ఎందుకని వదిలేశాడు. ఆ డజను మంది కోసం పడిన మొహమాటం నా దాకా వచ్చింది. 2003లో మేక్‌కు ఏసీఎం అనే కంప్యూటర్ నిపుణుల సంఘం సాఫ్ట్‌వేర్ సిస్టం పురస్కారం ఇచ్చింది. ఇప్పుడు లినక్సుల్లో నడిచేది రిచర్డ్ స్టాల్‌మన్, రోలండ్ మెగ్రాత్ మళ్లీ రాసిన గ్నూ మేక్. ట్యాబ్ మాత్రం అక్కడే ఉంది. తేదీలను నమ్మకుండా ఫైలు లోపలి సరుకునే పోల్చి చూసే బాజెల్ వంటివి తర్వాత వచ్చాయి. పెద్ద కంపెనీలకు అవే నయం. నలభై పేజీల గృహస్థుకు ఇది చాలు.

ట్యాబ్ కొట్టాక నలభై పేజీలూ చదివింది. నాలుగో పేజీ ఫోటో మసకగా వచ్చిందని వెలుతురులో మళ్లీ తీసి, మేక్ అన్నాను. మిగిలిన ముప్పై తొమ్మిదింటి జోలికి పోకుండా ఆ ఒక్కదాన్నే చదివిపెట్టింది. తెరిచి చూశాను. మొదటి పంక్తిలో ‘యామిడి’ అని ఉంది.