ఈ బొక్క ఎవరిది?

(9వ తరగతి విద్యార్థిని)

మన హాస్టల్‌లో నేలమీద ఎక్కడ బొక్క కనబడినా అందరం "పాము బొక్క" అనే అంటున్నం. వంటగది వెనుక 11, బియ్యం గది మెట్ల పక్కన 5, నీళ్ళ ట్యాంకు దగ్గర 4, పదో తరగతి అక్కల గది గోడ కింద 3, మొత్తం 23 ఉన్నయి. వీటి భయంతో చీకటి పడితే చిన్న పిల్లలు బాత్రూంకు పోతలేరు. కానీ స్నేహితులారా, పాముకు కాళ్ళు లేవు, గోళ్ళు లేవు. మన దగ్గర తిరిగే నాగుపాము, కట్లపాము తమ ఇల్లు తాము తవ్వుకోవు. ఎవరో తవ్విన ఇంట్లో చేరుతయి. కాబట్టి ముందుగా తవ్వింది ఎవరో కనిపెట్టాలి. అతన్ని పంపిస్తే పాము కూడా రాదు.

మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. మా తాతకు అక్షరాలు రావు. మాది కొత్తగూడ మండలంలో అడవి పక్క ఊరు. తాత మట్టిని చూసి అక్కడ ఏం తిరిగిందో చెప్తడు. ఆయన చెప్పినవి, మన సైన్స్ టీచర్ చెప్పినవి, మా నాయినకు వ్యవసాయాధికారి చెప్పినవి కలిపి ఇది రాస్తున్నాను.

అన్నింటికన్నా ఎక్కువ తవ్వేది పందికొక్కు. మన వంటగది వెనుక ఉన్నవి దానివే. దాని బొక్కలో మనిషి పిడికిలి పడుతుంది. మూతి దగ్గర కొత్త మట్టి మెత్తగా, పొడిపొడిగా కుప్ప పడి ఉంటది. ఒక్క బొక్క ఉంటే ఒక్కటే అనుకోవద్దు. లోపల దారులు కలిసి ఉంటయి, అయిదారు మూతులు ఉంటయి, పిల్లలు పెట్టడానికి ఒక అర, గింజలు దాచడానికి వేరే అర ఉంటయి. పొలంలో ఉండే రకం కొంచెం చిన్నది, అదయితే వరి కంకులు కొరికి మోసుకుపోయి లోపల నింపుతుంది. కరువు రోజుల్లో ఆ బొరియలు తవ్వి వడ్లు తెచ్చుకొని దంచుకునేవాళ్ళని తాత చెప్పిండు. ఇళ్ళ దగ్గర, మోరీల దగ్గర ఉండే పెద్ద రకం కిలో దాకా తూగుతుంది. దాన్ని మూలకు తరిమితే వెంట్రుకలు నిక్కబొడుచుకొని గుర్రుమంటది. పంది లెక్క గుర్రుమంటది కాబట్టే దానికి ఆ పేరు అని తాత అంటడు.

ఇంకో సంగతి. ఇంగ్లీషులో దీన్ని బ్యాండికూట్ అంటరు. అది మన తెలుగు మాట పందికొక్కు నుండే పోయింది. ఆస్ట్రేలియాలో కడుపు సంచిలో పిల్లల్ని మోసే వేరే జంతువు ఉంది, దానికి కూడా తెల్లవాళ్ళు ఇదే పేరు పెట్టిండ్రు. అది ఎలుక జాతి కాదు. నేను ఇంగ్లీషులో వీక్ అని అందరికీ తెలుసు గాని, ఈ ఒక్క మాట మాత్రం ఇంగ్లీషు వాళ్ళే మన దగ్గర నేర్చుకున్నరు.

చిట్టెలుక బొక్క రెండు వేళ్ళ వెడల్పు కూడా ఉండదు, గోడ అంచు పట్టుకొని ఉంటది. దాని రెట్ట బియ్యపు గింజంత ఉంటది. చుంచెలుకను చాలామంది ఎలుక అనుకొని చంపుతరు. అది ఎలుక కాదు. దాని మూతి పొడుగు, కళ్ళు చిన్నవి, కంపు కొడుతుంది. అది బొద్దింకలను, పురుగులను తింటది. దాన్ని వదిలిపెట్టాలి. తడి నేలలో గుండ్రని బొక్క ఉండి చుట్టూ బురద ముద్దలు పేర్చి ఉంటే అది ఎండ్రకాయది. ట్యాంకు దగ్గర ఉన్న 4 అవే. వాటికి ఇన్నాళ్ళూ మనం భయపడినం!

పాము చేరిన బొక్కకు కొత్త మట్టి ఉండదు. మూతి నున్నగా ఉంటది, ఒక్కోసారి దగ్గర్లో కుబుసం కనబడుతుంది. మూతికి సాలెగూడు పాతది ఉంటే అందులో ఎవరూ తిరుగుతలేరని అర్థం. కాళ్ళ గుర్తుల మధ్య తోక ఈడ్చిన గీత ఉంటే ఉడుము. బొక్క చాలా పెద్దగా ఉండి దగ్గర ముళ్ళు, కొరికిన ఎముకలు పడి ఉంటే ఏదుపంది. అది ముళ్ళు విసురుతుందంటరు గాని అబద్ధం, అవి ఊడి గుచ్చుకుంటయి అంతే. ఈ రెండూ మన కాంపౌండులోకి వచ్చినా మనం ముట్టొద్దు, ఫారెస్ట్ వాళ్ళకు చెప్పాలి. 1972 వన్యప్రాణి చట్టంలో ఉడుము మొదటి షెడ్యూలులో ఉంది, పట్టుకుంటే జైలు.

బొక్క చూసి లోపల ఉన్నదా లేదా చెప్పడం తాతకు వస్తది గాని మనకు రాదు. దానికి సులువైన ఉపాయం ఉంది. సాయంత్రం అన్ని బొక్కలను తడి మట్టితో మూసేయాలి. తెల్లారి చూస్తే ఏవి తెరిచి ఉంటయో అవే బతికి ఉన్న బొక్కలు. మిగతావి వట్టివి. వ్యవసాయాధికారి కూడా మా నాయినకు ఇదే చెప్పిండు. తాతకు ఆ మాట చెప్తే "ఇది మేం చేసేదే గదా" అని నవ్విండు. మూసేటప్పుడు చేతితో కాదు, పొడుగు కర్రతోనో పారతోనో మట్టి నెట్టాలి. చెయ్యి పెట్టొద్దు, కాలితో తొక్కొద్దు.

ఇక ఎలా పంపాలి? కొందరు అక్కలు మందు పెట్టాలంటున్నరు. పొలంలో నూకలు 96 పాళ్ళు, నూనె 2, మందు 2 పాళ్ళు కలిపి పొట్లాలు కట్టి బతికిన బొక్కలో వేస్తరు. ఎలుక కక్కలేదు, కాబట్టి కొత్త తిండిని ముందు కొంచెమే రుచి చూస్తది. ఒంట్లో బాగలేకపోతే మళ్ళీ దాని దగ్గరకు రాదు. అందుకే జింక్ ఫాస్ఫైడ్ అనే నల్ల మందు పెట్టే ముందు రెండు రోజులు మందు లేని నూకలు పెట్టి అలవాటు చేస్తరు. ఈ నల్ల మందుకు విరుగుడు లేదు. కడుపులోకి పోతే విషపు గాలి పుడుతుంది. బ్రోమోడయోలోన్ అనే మందుకు విటమిన్ కె విరుగుడు ఉంది గాని అది కూడా విషమే. మన హాస్టల్‌లో మూడో తరగతి చెల్లెండ్లు ఉన్నరు. నూనె కలిపిన నూకల పొట్లం వాళ్ళకు తినే వస్తువులా కనబడుతుంది. పైగా మందు తిన్న ఎలుక గోడలోనో అటకమీదో చస్తే ఆ కంపు ఎవరు భరిస్తరు? నా అభిప్రాయం, హాస్టల్‌లో మందు వద్దు.

పొగ పెట్టడం పాత పద్ధతి. కుండలో గడ్డి వేసి కాల్చి, బొక్క మూతికి ఆనించి పొగ ఊదుతరు, మిగతా మూతులు మూసేస్తరు. నెల్లూరు వైపు యానాదులు ఇందులో పేరు పొందినవాళ్ళు. పొలం ఒడ్డున అది మంచిదే. కానీ మన గది గోడ కింద పెడితే లోపల పాము ఉంటే అది గదిలోకే వస్తుంది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అవుతుంది.

మనకు తగింది బోను. ఎండు చేప ముక్క గాని, వేయించిన పల్లీలు గాని కట్టి గోడ వెంబడి పెట్టాలి, ఎందుకంటే ఎలుక గది నడుమ నడవదు, గోడకు రాసుకుంటూ పోతది. పట్టినాక ఆ బొక్కలో కంకర, గాజు పెంకులు కుక్కి సిమెంటు పోయాలి. వట్టి మట్టితో మూస్తే రెండు రోజుల్లో మళ్ళీ తవ్వుతుంది. బోను కడిగేటప్పుడు చేతులకు కవరు తొడుక్కోవాలి. ఎలుక మూత్రం పుండుకు తగిలితే ఎలుక జ్వరం వస్తది.

ఈ మట్టి చదివే విద్యను చిన్నచూపు చూడొద్దు. తమిళనాడులో ఇరుల ఆదివాసులు 1978లో సహకార సంఘం పెట్టుకొని, పాములు పట్టి విషం తీసి ఇస్తున్నరు. పాము కాటు మందు ఆ విషంతోనే తయారవుతుంది. వాళ్ళలో మాసి సదయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరిని 2017లో అమెరికాలోని ఫ్లోరిడాకు పిలిపించుకున్నరు. అక్కడ పెరిగిపోయిన పెద్ద కొండచిలువలను రెండు వారాల లోపే 13 పట్టిండ్రు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ ఇచ్చిండ్రు.

పాముల గురించి ఒక్క మాట. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాము కాటుతో 12 లక్షల మంది చనిపోయినట్టు 2020లో ఒక పరిశోధనలో తేలింది. మనం చాపలమీద పండుకుంటం. కట్లపాము రాత్రి పూట ఇట్లా నేలమీద పడుకున్నవాళ్ళనే ఎక్కువ కరుస్తది, నొప్పి కూడా పెద్దగా ఉండదు. పొద్దున లేచేసరికి కడుపు నొప్పి, కనురెప్పలు వాలిపోవడం ఉంటే ఎవరూ "నిద్రమత్తు" అని వదిలేయొద్దు. కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడు బిగించొద్దు. కాలు కదలకుండా కర్ర కట్టి 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి పోవాలి. దోమతెర ఉన్నవాళ్ళు అంచులు చాప కిందికి దోపుకోవాలి.

అసలు పందికొక్కులు మన దగ్గరకే ఎందుకు వచ్చినయి? రాత్రి మిగిలిన అన్నం వంటగది వెనుక పారబోస్తున్నం, 11 బొక్కలు అక్కడే ఉన్నయి. ట్రంకు పెట్టెల్లో సకినాలు, అటుకులు విప్పి పెట్టుకుంటున్నం. పోయిన నెల మా గదిలో అయిదో తరగతి చెల్లె కాలివేలు ఎలుక కొరికితే టీకా వేయించాల్సి వచ్చింది. ఆమె చేతిలో బెల్లం ముక్క పట్టుకొని నిద్రపోయింది. ఆమెను తిట్టొద్దు, ఇంటి మీద బెంగతో దాచుకున్న బెల్లం అది. ఆమెకు మూత ఉన్న డబ్బా ఒకటి నేను ఇచ్చిన.

వార్డెన్ మేడంగారికి మనవి. బియ్యం బస్తాలు నేలమీద, గోడకు ఆనించి ఉన్నయి. చెక్క బల్లమీద, గోడకు మూరెడు దూరంలో పెట్టిస్తే వెనుక ఏం తిరుగుతుందో కనబడుతుంది. పావు అంగుళం సందులో చిట్టెలుక దూరుతుంది. మోరీ నోటికి జాలీ, బియ్యం గది తలుపు అడుగున రేకు కొట్టించాలి. ఆ తలుపు కింద ఇప్పుడు నా రెండు వేళ్ళు పడుతున్నయి.