సిగ్నల్ లేని కొండదారిలో...

అహోబిలంలో జ్వాలా నరసింహుణ్ణి దర్శించుకుని దిగుతున్నాం. వెంట మా అత్తయ్య. దారి చీలినచోట ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. మ్యాప్ ఉత్త తెల్లకాగితం! పొద్దు వాలుతోంది. డోలీ మోసే పెద్దాయన ఎదురుపడబట్టి సరిపోయింది గానీ...

ఇంటికి రాగానే ఓస్మాండ్ యాప్ పెట్టుకున్నాను. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటాలే ఇందులో ఉండేవి. ఆంధ్రప్రదేశ్ పటం ముందే దించుకుంటే నెట్ అక్కర్లేదు. మనం ఎక్కడున్నామో ఉపగ్రహాలే చెబుతాయి.

దీంట్లోకి బయటి పటాలూ చేర్చుకోవచ్చు. కొండల ఎత్తుపల్లాలు చూపే పటాన్ని మా తమ్ముడు ఎస్‌క్యూలైట్ ఫైలుగా పంపాడు. దాన్ని ఈ యాప్‌తో తెరిచాను. లోపలికైతే వెళ్లింది, కనబడదే! ప్లగిన్లలో ‘ఆన్‌లైన్ మ్యాప్స్’ ఆన్ చేయాలట. (నెట్ లేని పటానికి ఆ పేరేమిటో!) తర్వాత ‘ఓవర్‌లే’లో ఎంచుకుంటే ప్రత్యక్షమైంది. కింది పటం కూడా కనిపించేలా దాన్ని పల్చన చేసుకోవచ్చు.

ఒక్కమాట. ఇలా తెచ్చుకున్నది వట్టి బొమ్మ. ఊరిపేరు కొడితే వెతకదు, దారీ చెప్పదు. ఆ పనంతా కిందున్న పటానిదే. చోటు చాలట్లేదని దాన్ని తీసేసేరు!

‘‘ఈసారి పావన నరసింహుడి దగ్గరికి పోదామే’’ అంటున్నారు అత్తయ్య. ఆవిడ ఫోన్లోనూ ఎక్కించాను. సిగ్నల్ ఆపేసి, మా వీధిలోనే ఓసారి నడిచి చూసుకున్నాం.