లైసెన్సు ఎవరికి రక్షణ?

ఒక వృత్తి చేయటానికి ప్రభుత్వ లైసెన్సు ఉండాలనే నిబంధనను సమర్థించేవారు చెప్పే మాట ఒక్కటే: ప్రజాప్రయోజనం. ఈ ‘ప్రజ’ ఎవరన్న ప్రశ్న ప్రగతిశీల విమర్శకు కొత్తది కాదు. దాన్ని ఈ చట్టాలకు కూడా వేయాలి. అందుకు అమెరికా అనుభవం తగిన ఉదాహరణ. అక్కడ వృత్తి లైసెన్సులు ప్రధానంగా రాష్ట్రాల అధికారం. రాష్ట్ర లైసెన్సు అవసరమైన శ్రామికుల నిష్పత్తి 1950ల నుంచి అయిదు రెట్లు పెరిగిందని 2015లో శ్వేతసౌధం నివేదిక తెలిపింది.

మొదట వైద్యాన్ని తీసుకుందాం. వైద్యుని పనితనాన్ని తూచే జ్ఞానం రోగికి ఉండదు. పొరపాటు జరిగితే దిద్దుకునే వ్యవధీ ఉండదు. కనుక వెస్ట్ వర్జీనియా వైద్య లైసెన్సు చట్టాన్ని 1889లో అమెరికా సుప్రీంకోర్టు సమర్థించటంలో న్యాయం ఉంది. 1962లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ వైద్యులకు సైతం లైసెన్సు అక్కర్లేదని వాదించాడు. మంచిచెడులను మార్కెట్టే తేలుస్తుందనే ఈ వాదంలో, అది తేలేలోగా చనిపోయే రోగి లెక్కలోకి రాడు.

అయితే జుట్టు అల్లటంలో అలాంటి ప్రమాదం ఏముంది? 1997లో డల్లాస్‌లో లైసెన్సు లేకుండా జుట్టు అల్లుతున్నదని ఒక నల్లజాతి మహిళను అరెస్టు చేశారు. తరతరాలుగా ఆడవాళ్ల చేతుల్లో నిలిచిన విద్య అది. దానిమీద ఈ బంధాన్ని తొలగించటానికి టెక్సాస్‌కు 2015 దాకా పట్టింది. లూసియానాలో పూలవర్తకులు 2010 దాకా పూలు అమర్చి చూపే పరీక్షలో నెగ్గవలసి ఉండేది. మార్కులు వేసేది అప్పటికే లైసెన్సు ఉన్న పూలవర్తకులు!

నార్త్ కరొలినా దంతవైద్య బోర్డు సంగతి మరింత స్పష్టం. దంతవైద్యులే అధికసంఖ్యలో ఉన్న ఆ బోర్డు, తక్కువ ధరకు పళ్లు తెల్లబరిచే ఇతరులను అడ్డుకుంది. ప్రభుత్వ పర్యవేక్షణ లేని ఇలాంటి బోర్డుకు గుత్తాధిపత్య నిరోధక చట్టం నుంచి మినహాయింపు లేదని 2015లో సుప్రీంకోర్టు తేల్చింది.

కాబట్టి అడగవలసిన ప్రశ్నలు రెండు. పనివల్ల కలిగే హాని, చేయించుకునేవారు ముందుగా పసిగట్టలేనిదా? ప్రమాణాలు నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉంది? మొదటిదానికి అవునని జవాబు వచ్చినచోట లైసెన్సు ఉండాలి. కాని అక్కడ కూడా రెండో ప్రశ్నను వదలరాదు. 1910 నాటి ఫ్లెక్స్‌నర్ నివేదిక తర్వాత అమెరికాలో వైద్యవిద్య ప్రమాణాలు పెరిగిన మాట నిజమే. ఏడు నల్లజాతి వైద్యకళాశాలల్లో అయిదు మూతపడిన మాటా అంతే నిజం. వృత్తిజీవుల గురించి రాసే రచయితలు ‘ప్రజాప్రయోజనం’ అనేముందు, లైసెన్సు దొరక్క బతుకుతెరువు పోగొట్టుకున్నవారిని కూడా ప్రజల్లో లెక్కించాలి.