పూర్వనిర్వచిత మాక్రోలు

సీ భాషలో ఒక పేరుకు బదులుగా ప్రతిక్షేపించవలసిన పాఠాన్ని మాక్రో అంటారు. ప్రోగ్రాము రాసినవారు నిర్వచించకపోయినా ప్రీప్రాసెసర్‌కు ముందుగానే తెలిసి ఉండే మాక్రోలను పూర్వనిర్వచిత మాక్రోలు లేక ప్రీడిఫైన్డ్ మాక్రోలు అంటారు.

ఉదాహరణ

లైనక్స్ కంప్యూటరుపై జీసీసీ కంపైలరును వాడే విద్యార్థి, "ఇంట్ లైనక్స్;" అని చిన్న అక్షరాలతో ఒక చలరాశిని ప్రకటించాడనుకుందాం. వాక్యంలో దోషమేమీ కనబడదు. అయినా కంపైలరు తప్పు చూపుతుంది. ఆ పేరుకు 1 అనే విలువ ముందే నిర్వచించబడి ఉన్నందున ప్రీప్రాసెసర్ దానిని "ఇంట్ 1;" గా మార్చివేస్తుంది. హెడర్ ఫైళ్ళలో ఎంత వెదకినా ఈ నిర్వచనం దొరకదు.

ఇవి వచ్చే చోట్లు

* భాషా ప్రమాణం: __ఫైల్__, __లైన్__, __డేట్__, __టైమ్__, __ఎస్‌టీడీసీ__ అనేవి 1989 నాటి అమెరికా ప్రమాణంలోనే ఉన్నాయి. వీటిలో __లైన్__ విలువ వాడిన చోటును బట్టి మారుతుంది కనుక ప్రీప్రాసెసర్ దానిని అప్పటికప్పుడు లెక్కిస్తుంది.
* కంపైలరు: ప్రాసెసరుకు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు సంబంధించిన పేర్లు కంపైలరు మూల కోడులోనే ఉంటాయి. పై ఉదాహరణలోనిది ఈ కోవకు చెందినదే.
* ఆదేశంలోని ఐచ్ఛికాలు: -ఓ2 ఇస్తే __ఆప్టిమైజ్__ అనే మాక్రో చేరుతుంది.
* దానంతటదే చేరే హెడర్: 2013లో విడుదలైన జీసీసీ 4.8 నుండి, గ్నూ సీ లైబ్రరీ గల లైనక్స్‌లో ఎస్‌టీడీసీ-ప్రీడెఫ్ అనే హెడర్ మనం కోరకుండానే చేరుతుంది.

కనుగొనే విధానం

ఒక ఖాళీ సీ ఫైలును జీసీసీకి ఇచ్చి -డిఎమ్ (చిన్న డి, పెద్ద ఎమ్), -ఇ (పెద్ద ఇ) అనే ఐచ్ఛికాలను జతచేస్తే వందలాది నిర్వచనాలు తెరపై వస్తాయి. __లైన్__ వంటివి ఈ జాబితాలో కనబడవు. అయితే ఏ నిర్వచనం ఎక్కడిదో ఈ జాబితా చెప్పదు. -డిఎమ్‌కు బదులు -డిడి (మొదటిది చిన్నది, రెండవది పెద్దది) ఇస్తే, నిర్వచనాల నడుమ # గుర్తుతో మొదలయ్యే వరుసలు వస్తాయి. వాటిలో "బిల్ట్-ఇన్" అని ఉంటే ఆ తరువాతి నిర్వచనాలు కంపైలరువి, "కమాండ్-లైన్" అని ఉంటే ఆదేశం ద్వారా వచ్చినవి, ఫైలు పేరు ఉంటే ఆ ఫైలువి.

జాగ్రత్త

రెండు అండర్‌స్కోర్‌లతో మొదలయ్యే పేర్లను ప్రమాణం కంపైలరు నిర్మాతలకు కేటాయించింది. యునిక్స్ వంటి అండర్‌స్కోర్ లేని పేర్లు అంతకు ముందటి అలవాటు. లైనక్స్ అనే పేరూ అదే బాటలో వచ్చింది. -ఎస్‌టీడీ=సీ99 అనే ఐచ్ఛికం ఇస్తే ఇటువంటివి తొలగిపోయి __లైనక్స్__ వంటి అండర్‌స్కోర్‌లు గల పేర్లు మిగులుతాయి. అందువల్ల ఏ సిస్టమ్ అన్నది పరీక్షించడానికి అండర్‌స్కోర్‌లు గల పేరునే వాడాలి.