చర్మపూరణ విద్య: శిక్షణ, చట్టము, జీవనోపాధి

గ్రామ పంచాయతీ సభ్యులను ఊరి యువకులు పలు విషయములలో సలహా అడుగుచుందురు. "జంతు ప్రదర్శనశాలలో సజీవముగా నిలుచున్నట్లున్న పెద్దపులిని చూచితిని. అట్టి పని నేర్చుకొని బ్రతుకుతెరువు చూచుకొనవలెనని ఉన్నది. ఎక్కడ నేర్పుదురు?" అని ఒక పిల్లవాడు అడిగినచో ఏమి చెప్పవలెను? పని మంచిదే, నేర్పు గలవాడు రాణించుటకు వీలున్నదే. కాని తెలియక ఒక్క అడుగు తప్పువేసినచో ఆ పిల్లవాడు చెరసాల పాలగును. కావున ఈ విద్య స్వరూపమును, దానిని చుట్టుకొనియున్న చట్టమును, శిక్షణ మార్గములను ఈ వ్యాసమున వివరించుచున్నాము.

ఏమిటీ విద్య?

మరణించిన జంతువు చర్మమును చెడిపోకుండ శుద్ధిచేసి, లోపల ఆకారమును అమర్చి, బ్రతికియున్నప్పటి రూపమున నిలుపుటయే చర్మపూరణ విద్య. దీనినే టాక్సిడెర్మీ అందురు. మన పల్లెలలో "గడ్డి కూరిన పులి" అను మాట వినబడుచుండును. ఒకప్పుడు నిజముగా గడ్డియే కూరెడివారు. అట్టి బొమ్మలు కొలది కాలమునకే ఉబ్బియో, క్రుంగియో వికారముగా కనబడెడివి. నేడు ఈ పనిలో గడ్డికి తావులేదు. ఇది సగము శరీర నిర్మాణ శాస్త్రము, సగము శిల్పము.

దక్షిణదేశమున ఈ వృత్తికి మైసూరు పేరొందినది. వాన్ ఇంగెన్ కుటుంబమువారు అచట నెలకొల్పిన కార్ఖానా సుమారు 1900 మొదలు వేలకొలది పులులను, చిరుతలను సిద్ధముచేసి సంస్థానాధీశులకు, తెల్లదొరలకు అందించినది. వేట నిషిద్ధమైన పిదప పని సన్నగిల్లి, 1999లో అది మూతపడినది. వేటగాని గోడకు అలంకారముగా నుండిన ఈ విద్య నేడు విద్యార్థికి పాఠముగా మారినది. ఈ మార్పును గ్రహించినవాడే ఈ వృత్తిలో నిలువగలడు.

పని జరుగు విధము

కళేబరము క్రుళ్ళకమునుపే పని ఆరంభింపవలెను. లేదా గడ్డకట్టు శీతలములో భద్రపరుపవలెను. మొదట పొడవు, చుట్టుకొలత, కంటికి ముక్కుకు నడుమ దూరము మున్నగు కొలతలు వ్రాసికొందురు. పిమ్మట పొట్టమీదగాని వెన్నుమీదగాని ఒకే గాటు పెట్టి తోలు ఒలుతురు. చెవులు, పెదవులు, కనురెప్పలు, కాలివ్రేళ్ళు వచ్చుచోట్ల మిక్కిలి ఓర్పు కావలెను. అచట తోలు చిరిగినచో తిరిగి దిద్దుట కష్టము.

తోలునకు అంటియున్న మాంసమును, క్రొవ్వును గీచివేసి, ఉప్పు దట్టించి నీరు పోనిత్తురు. తరువాత పటిక మున్నగు ద్రవ్యములతో ఊనుదురు. మన ప్రాంతమున తంగేడు చెక్కతో తోళ్ళు ఊనుట తరతరములుగా ఎరిగినదే. తోలు ఊనుటలో పనితనము గల కుటుంబములవారికి ఈ విద్యలో ఒక మెట్టు ముందే తెలిసియున్నదని చెప్పవచ్చును.

ఇక లోపలి ఆకారము. కొలతల ప్రకారము ఫైబర్‌గ్లాసుతోగాని, గట్టి నురుగు పదార్థముతోగాని జంతువు దేహమును మలతురు. కండలు ఎక్కడ ఉబ్బునో, కీలు ఎక్కడ వంగునో తెలియనివాడు ఈ దేహమును మలువలేడు. దానికి గాజు కన్నులు అమర్చి, ముఖమున మట్టితో తీర్పు దిద్ది, జిగురు పూసి, తోలును తొడిగి కుట్టుదురు. అది కొన్ని వారములు ఆరిన పిమ్మట ముక్కునకు, పెదవులకు రంగులు వేయుదురు. పక్షుల విషయమున కపాలమును, రెక్కల ఎముకలను, కాళ్ళ ఎముకలను తోలుతోనే ఉంచి, తీగలతో నిలబెట్టుదురు.

ఇచట ఒక హెచ్చరిక. పూర్వము పురుగు పట్టకుండుటకు తోళ్ళకు పాషాణము కలిపిన సబ్బు పూసెడివారు. అది విషము. పాత బంగళాలలోనో, పాఠశాలలలోనో అట్టి పురాతన బొమ్మలున్నచో పిల్లలను ముట్టనీయరాదు. నేడు దానికి బదులు వెలిగారము మున్నగునవి వాడుచున్నారు.

చట్టము ఏమనుచున్నది?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అడవి జంతువు బ్రతికియున్నను, చచ్చినను, వేటాడబడినచో గాని, కళేబరముగా దొరకినచో గాని ప్రభుత్వపు సొత్తు. అట్టిది ఎవరి చేతికైనను వచ్చినచో 48 గంటలలోగా సమీప పోలీసు ఠాణాకు గాని, అటవీ అధికారికి గాని తెలుపవలెను. "నేను చంపలేదు, చచ్చి పడియుండగా తెచ్చితిని" అనుట సమాధానము కానేరదు.

లైసెన్సు లేక ఈ వృత్తిని వ్యాపారముగా చేయరాదని అదే చట్టము శాసించుచున్నది. 1986లో చేసిన సవరణ పెద్దపులి, చిరుత మున్నగు షెడ్యూలు జంతువుల తోళ్ళతో, అవయవములతో వ్యాపారమును పూర్తిగా నిషేధించినది. మొదటి షెడ్యూలులోని జంతువుల విషయమున నేరము చేసినవారికి మూడు సంవత్సరములకు తగ్గక ఏడు సంవత్సరముల వరకు కారాగారము, 2022 సవరణ పిమ్మట 25,000 రూపాయలకు తగ్గని జుల్మానా విధింపవచ్చును.

కొందరి ఇండ్లలో తాతలనాటి జింక కొమ్ములో, పులి తోలో ఉండవచ్చును. వాటికి యాజమాన్య ధ్రువపత్రము ఉండవలెను. ధ్రువపత్రమున్నను అమ్మరాదు. వారసత్వముగా వచ్చినచో 90 దినములలోగా రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారికి తెలుపవలెను.

మరణించిన ప్రతి పులియు బొమ్మగా మారునని భావింపరాదు. జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ నిర్దేశముల ప్రకారము శవపరీక్ష పిదప పులి కళేబరమును దహనము చేయుదురు. చదువులకు, ప్రదర్శనలకు ప్రత్యేకముగా అనుమతించినప్పుడే నిపుణుని చేతికి అప్పగింతురు.

ఎక్కడ నేర్చుకొనవచ్చును?

మన దేశమున ఈ విద్యకు ఊరూర పాఠశాలలు లేవు. ఈ సంగతి దాచిపెట్టుటవలన మేలు లేదు. బొంబాయి పశువైద్య కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రాచార్యులైన డాక్టర్ సంతోష్ గాయక్వాడ్ గారు ఈ విద్యను చాల వరకు స్వయంకృషితో అభ్యసించిరి. వారి పూనికతో ముంబయిలోని సంజయ్ గాంధీ జాతీయోద్యానవనమున 2009లో చర్మపూరణ కేంద్రమొకటి ఏర్పడినది. పశువైద్యము చదివినవారు ఈ విద్యలో ఎంతదూరము పోగలరో తెలియుటకు వారి జీవితమే నిదర్శనము.

కావున మన యువకునకు సూటియైన మార్గము కంటె మెట్లున్న మార్గమే మేలు. పదవ తరగతి ముగించినవాడు పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో రెండు సంవత్సరముల డిప్లొమా చదువవచ్చును. ఇంకను చదువగలవాడు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయములోనో, హైదరాబాదులోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయములోనో పట్టమునకు ప్రయత్నింపవచ్చును. చేతిపనిలో చురుకైనవాడు లలితకళా కళాశాలలలో శిల్పము నేర్వవచ్చును. తోళ్ళ శుద్ధిలో శాస్త్రీయ జ్ఞానమునకు చెన్నైలో 1948లో నెలకొన్న కేంద్రీయ తోళ్ళ పరిశోధన సంస్థ ఉన్నది. ఇట్టి పునాది గలవానిని నిపుణులు శిష్యునిగా చేర్చుకొనుటకు అవకాశమెక్కువ.

ఇంటివద్ద సాధన చేయదలచినచో కోడి, బాతు, మేక, గొఱ్ఱె వంటి పెంపుడు జంతువులనే గ్రహింపవలెను. వాటికి వన్యప్రాణి చట్టము అడ్డురాదు. మాంసపు అంగడిలో నుండి ఆరోగ్యముగల కోడిని తెచ్చి పని నేర్చుకొనుటలో తప్పులేదు. నెమలి, ఉడుము, కొండచిలువ, అలుగు, నక్షత్ర తాబేలు మాత్రము ముట్టరాదు. రోగముతో చచ్చిన పశువును ఎన్నడును కోయరాదు. దొమ్మ రోగము తోలుద్వారా మనుష్యులకు సోకును.

జీవనోపాధి ఎట్లుండును?

కేవలము చర్మపూరణముపైననే ఆధారపడినవానికి పని కొలదిగానే దొరకును. ప్రదర్శనశాలలలో కొలువులు స్వల్పము. కాని ఈ విద్యలో భాగములైన పనులు పెక్కు కలవు: కళాశాలలకు అస్థిపంజరములను కూర్చుట, ప్రదర్శనశాలలలోని పాత బొమ్మలను మరమ్మతు చేయుట, ఉద్యానవనములకు ఫైబర్‌గ్లాసు జంతువుల బొమ్మలను మలచుట. రెండు మూడు పనులు చేతనైనవాడు ఖాళీగా కూర్చుండడు.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

అడవిపందుల కొఱకు పొలము చుట్టు పెట్టిన విద్యుత్ తీగకు చిరుతయో, ఎలుగుబంటియో చిక్కి చచ్చినదనుకొందము. ఎవడో దళారి వచ్చి "తోలు ఒలిచి ఇమ్ము, డబ్బిత్తును" అనును. చేతిపని తెలిసిన పేద యువకుడే మొదట ఆశపడును. దళారి తప్పించుకొనును, యువకుడు పట్టుబడును. ఆ ఇంటి దీపము ఆరిపోవును. ఇట్టి సమయమున సభ్యులు చేయవలసిన పనులు ఇవి:

1. కళేబరము కడకు ఎవరిని పోనీయక, వెంటనే అటవీ శాఖవారికి కబురు పంపవలెను.

2. గోళ్ళు, కోరలు, మీసములు పెరుకుట నేరమని గ్రామసభలో చాటవలెను.

3. విద్యుత్ తీగలు పెట్టవలదని రైతులకు నచ్చజెప్పి, పంట నష్టమునకు పరిహారము కోరు దరఖాస్తులు వ్రాయుటకు సహాయపడవలెను.

4. ఈ విద్యపై మక్కువ గల బాలబాలికలను నిరుత్సాహపరుపక, పశుసంవర్ధక డిప్లొమా ప్రవేశముల సమాచారమును పంచాయతీ ప్రకటన పలకపై ఉంచవలెను.

ఊరి పొలిమేరలో దొరకిన తోలుతో కాక, కోడితో, మట్టితో, పుస్తకముతో ఈ విద్యను ఆరంభించిన పిల్లవాడు ఆలస్యముగానైనను గౌరవముగా పైకి వచ్చును. ఆ తేడాను సకాలమున చెప్పగల పెద్దమనిషి ఊరిలో ఒక్కడున్నను చాలును. ఆ పెద్దమనిషి పంచాయతీ సభ్యుడే కావలెనని మా కోరిక.