కుర్చీ ఎవరిచ్చారు?

2009 ఫిబ్రవరి 1న యోహన్నా సిగుర్దార్‌దోత్తిర్ ఐస్‌లాండ్ ప్రధాని అయినప్పుడు విదేశీ పత్రికలు ఒకే ముక్క పట్టుకున్నాయి. లెస్బియన్‌నని దాచుకోని మనిషి ఒక దేశ ప్రభుత్వాన్ని నడపడం ఆధునిక కాలంలో అదే మొదలు. ఐస్‌లాండ్ వాళ్లకు మాత్రం ఆ సంగతి పట్టించుకునే తీరిక లేదు. అంతకుముందు అక్టోబరులో దేశంలోని మూడు పెద్ద బ్యాంకులూ ఒకే వారంలో కూలిపోయాయి. జనం గిన్నెలూ పెనాలూ పట్టుకొచ్చి పార్లమెంటు ముందు మోత మోగిస్తే ఉన్న ప్రభుత్వం దిగిపోయింది. ఆ సమయానికి నమ్మదగిన మనిషిగా మిగిలింది ఆమే. ఎయిర్‌హోస్టెస్‌గా పనిచేసి, కార్మిక సంఘం మీదుగా 1978లో పార్లమెంటుకు వచ్చారు. 1994లో పార్టీ నాయకత్వ పోటీలో ఓడినప్పుడు నా రోజు కూడా వస్తుందన్నారు. పదిహేనేళ్లకు వచ్చింది. ఏప్రిల్ ఎన్నికల్లో ఆమె కూటమి 63 సీట్లకు 34 గెలిచింది.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ఆ దేశం ఎంత మారిందో అంటాం. నేనైతే ముందు ఇంకో ప్రశ్న అడుగుతాను. ఆ కుర్చీ ఇచ్చింది ఎవరు?

పార్లమెంటరీ పద్ధతిలో ప్రధానిని జనం నేరుగా ఎన్నుకోరు. సీల్డ్ కవర్లో ముఖ్యమంత్రుల పేర్లు దిగడం చూసిన మనకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. 2017లో ఐర్లండ్‌లో ప్రధాని అయిన లియో వరాద్కర్ సంగతే చూడండి. తండ్రి ముంబై నుంచి వెళ్లిన డాక్టరు. ఫైన్ గేల్ పార్టీ నాయకత్వ పోటీలో మామూలు సభ్యుల ఓట్లలో దాదాపు మూడింట రెండు వంతులు ప్రత్యర్థి సైమన్ కోవెనీకి పడ్డాయి. అయినా గెలిచింది వరాద్కరే. అప్పటి పార్టీ నిబంధనల ప్రకారం పార్లమెంటు సభ్యుల ఓటుకు 65 శాతం విలువ, మామూలు సభ్యులందరి ఓటుకూ కలిపి 25 శాతమే. పార్లమెంటు సభ్యులు ఆయన వైపు ఉన్నారు. కార్యకర్తలు ఓటేయకపోవడానికి ఆయన గే కావడమే కారణమనడానికి ఆధారం లేదు. స్వలింగ సంబంధాలపై వివాదం ఐర్లండ్‌లో అప్పటికే చాలావరకు తేలిపోయింది. 2015 జనవరిలో ఆరోగ్య మంత్రిగా ఉండగా ఆయన రేడియోలో తన సంగతి చెప్పారు. గే పురుషుల రక్తదానంపై నిషేధం లాంటి ఫైళ్లు తన ముందుకు వస్తాయి, దాచి సంతకం పెట్టానని ఎవరూ అనుకోకూడదన్నది ఆయన వాదన. అదే ఏడాది మే 22న జరిగిన రెఫరెండంలో 62 శాతం మంది స్వలింగ వివాహానికి అవునన్నారు. అంటే జనం ముందు నడిచారు, ప్రధాని వెనక వచ్చారు.

సెర్బియాలో కథ తిరగబడింది. 2017లోనే అక్కడ లెస్బియన్ అయిన ఆనా బర్నబిచ్ ప్రధాని అయ్యారు. అంతకు ముందు ఏడాదే మంత్రివర్గంలోకి వచ్చిన ఆమెకు అప్పటికి పార్టీ సభ్యత్వం కూడా లేదు. ఆమెను ఎంచుకున్నది అధ్యక్షుడు వూచిచ్. యూరోపియన్ యూనియన్‌లో చేరాలని సెర్బియా తలుపు తడుతున్న రోజులవి. ఆ తలుపు అవతలి వాళ్లకు ఈ నియామకం ఎలా కనిపిస్తుందో లెక్క వేసుకోకుండా జరిగిందంటే నేను నమ్మను. ఆమె బెల్‌గ్రేడ్ ప్రైడ్ ఊరేగింపులో నడిచారు. అది చిన్న విషయం కాదు, 2010లో అదే ఊరేగింపు చుట్టూ వీధిపోరాటాలు జరిగాయి. కానీ చట్టం దగ్గరికొచ్చేసరికి బండి కదలలేదు. పెళ్లి అంటే స్త్రీ పురుషుల మధ్యేనని 2006 రాజ్యాంగం అంటుంది. 2021లో స్వలింగ జంటల సహజీవన బిల్లు ముసాయిదా తయారైతే, దానిపై సంతకం చేయనని వూచిచ్ తేల్చేశారు. 2022లో యూరోప్రైడ్ బెల్‌గ్రేడ్‌కు వచ్చినప్పుడు ఊరేగింపును పోలీసులు నిషేధించారు. చివరికి కుదించిన దారిలో సాగింది. అప్పుడు ప్రధాని ఆమే.

ఆమెను తప్పుపట్టడం తేలికే. అయితే ఒక్కరి దయతో వచ్చిన కుర్చీలో కూర్చుని ఆ ఒక్కరినీ కాదనడం ఎవరి తరం? యోహన్నా వెనక మూడు దశాబ్దాల పార్లమెంటు ఉంది, ఓటర్లు ఉన్నారు. 2010 జూన్‌లో స్వలింగ వివాహ బిల్లుకు ఐస్‌లాండ్ పార్లమెంటులో 49 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. చట్టం అమలైన జూన్ 27నే ఆమె తన సహచరి, రచయిత్రి యోనినా లియోస్‌దోత్తిర్‌ను పెళ్లాడారు. అంతా నల్లేరు మీద నడక అనుకోకండి. అదే ఏడాది పక్కనున్న ఫారో దీవులకు భార్యతో వెళితే, అక్కడి ఓ పార్టీ నాయకుడు వాళ్లతో విందుకు కూర్చోనన్నాడు.

లాట్వియాది మరో దారి. విదేశాంగ మంత్రి ఎడ్గార్స్ రింకేవిచ్స్ 2014లో తాను గే అని ట్విట్టర్‌లో ప్రకటించారు. 2023లో వంద మంది సభ్యుల పార్లమెంటులో 52 ఓట్లతో అధ్యక్షుడయ్యారు. స్వలింగ జంటలకు చట్టపరమైన గుర్తింపు 2024 జులై నుంచి అమల్లోకి వచ్చింది. దానికి పునాది మాత్రం ఆయన పదవి కాదు. ఇలాంటి కుటుంబాలకూ రక్షణ కల్పించాల్సిందేనని 2020లో రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు. ఆ కేసు మొదలైంది, బిడ్డను కన్న తన సహచరి పక్కన ఉండటానికి సెలవు అడిగిన ఒక మహిళతో.