హవాయి యే ఖండంలో వుంది?

హవాయి దీవులు యెక్కడున్నాయంటే బడిపిల్లవాడైనా పసిఫిక్ మహాసముద్రం నడుమ అంటాడు. సైన్సు ఫిక్షన్ అభిమానుల నడిగితే, ఉత్తర అమెరికాలో అంటారు! తెలుగు పాఠం చెప్పుకునే నాకు భూగోళంతో పనిలేదు. సైన్సు కథలు రాసే మా విద్యార్థి ఒకడు చూపించగా వారి నిబంధనలు చదివాను.

వారి ప్రపంచ మహాసభ మొదటిసారి 1939లో న్యూయార్కులో జరిగింది. వచ్చినవారు సుమారు 200 మంది. ఆ యేడు అదే నగరంలో ప్రపంచ ప్రదర్శన జరుగుతూండడంతో సభకూ ‘ప్రపంచ’ అని తగిలించారు. పేరు పెట్టడం తేలికే. సభ అమెరికా దాటి టొరంటో వెళ్ళడానికి 1948 దాకా, సముద్రం దాటి లండన్ చేరడానికి 1957 దాకా పట్టింది.

పెళ్ళి మీ వూళ్ళోనా మా వూళ్ళోనా అనే తగవులో అసలు సంగతి రైలు ఛార్జీలే గదా! వీరిదీ అదే చిక్కు. అందుకని చాలాకాలం ఉత్తర అమెరికాను పడమర, నడుమ, తూర్పు అని మూడు మండలాలు చేసి వంతులు వేసుకున్నారు. తక్కిన భూగోళమంతా కలిపి ‘బయట’. బయటివారు యే యేడైనా సభను అడగవచ్చు. గెలవడం వేరే మాట. తరువాత మండలాలు పోయాయి. ఓటింగు జరిగే చోటికి 500 మైళ్ళలోపు వూళ్ళు పోటీకి పనికిరావన్నారు. స్థానికులంతా కూడబలుక్కుని సభను తమ గుమ్మంలోనే కట్టేసుకోకుండా వుండాలి గదా.

మరి హవాయి గొడవేమిటి? ప్రపంచ సభ ఉత్తర అమెరికా దాటిన యేడు అక్కడివారు వేరే సభ చేసుకోవచ్చు. 1975లో మొదటిసారి అలా జరిగింది: అసలు సభ మెల్‌బోర్నులో, యింటి సభ లాస్ ఏంజెలిస్‌లో. కాబట్టి ‘దాటడం’ అంటే యేమిటో తేల్చవలసి వచ్చింది. కెనడా, మెక్సికో, మధ్య అమెరికా, కరిబియన్ దీవులు, బెర్ముడా, హవాయి అన్నీ లోపలివే అని రాసుకున్నారు.

వీరు పిసినారులని కాదు. 1952లో బెల్‌ఫాస్ట్ అభిమాని వాల్ట్ విల్లిస్‌ను చందాలు పోగుచేసి షికాగో సభకు రప్పించారు. ఆ వొరవడిలోనే ఐరోపా, ఉత్తర అమెరికాల మధ్య ఒక నిధి వెలిసింది. ఓట్లతో ఎన్నుకున్న అభిమానిని ఆవలి ఒడ్డుకు పంపుతుంది. 1972లో ఆస్ట్రేలియా వైపుకూ అలాంటిది వచ్చింది. ఆ రెండు పంక్తుల్లోనూ మనకు విస్తరి వెయ్యలేదు. ఆసియాకు సభ వచ్చిందే 2007లో, యోకొహామాకు. మళ్ళీ 2023లో చెంగ్డూకు.

“మనం యే మండలం మాస్టారూ?” అన్నాడు మా కుర్రవాడు.

“ఆ రోజుల్లో అయితే ‘బయట’. యిప్పుడు 500 మైళ్ళ అడ్డు మాత్రం మనకు లేదు,” అన్నాను.

వాడు నవ్వలేదు. హైదరాబాదులో అంత పెద్ద హాలు యెక్కడుందని అడిగాడు.